తొమ్మిది లైన్ల లిస్టు

గుండ్లవాగు పోస్టాఫీసు గుమాస్తా శ్రీరంగప్పకు ఉత్తరాలు వేరుచేయడం వచ్చినంత బాగా ఇంకే పనీ రాదు. ఆ మాట ఆయన ఒప్పుకోడనుకోండి, పేకాట కూడా వచ్చంటాడు. సంచి విప్పి బల్ల మీద కుమ్మరించాడంటే చాలు, కన్ను చిరునామాలో చివరి లైను మీద పడేది, చెయ్యి ఆ ఉత్తరాన్ని సరైన అరలోకి విసిరేది. పైన ఎవరి పేరుందో చూసే అలవాటే లేదు. "మనకు మనుషులతో పని లేదప్పా, ఊర్లతోనే పని" అని కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు చెప్పేవాడు. చెప్పి కాస్త మురిసిపోయేవాడు కూడా.

గుండ్లవాగు అనంతపురం జిల్లాకు అంచున, గుమ్మఘట్ట దాటిన తర్వాత వస్తుంది. ఊరి పక్క వాగుంది గానీ అది పేరుకే. నీళ్ళు చూసి మూడేళ్ళయింది. వాగు దాటి ఐదు మైళ్ళు పోతే కర్ణాటకలో హిరేగుంటె. అక్కడా ఒక పోస్టాఫీసు, అందులో బసప్ప అనే గుమాస్తా. పొద్దున తొమ్మిదికి హిరేగుంటె నుంచి వచ్చే బస్సులో బసప్ప పంపిన సంచి ఇక్కడ దిగుతుంది. పదింటికి అదే బస్సు తిరిగి వెళ్ళేటప్పుడు శ్రీరంగప్ప కట్టిన సంచి ఎక్కుతుంది. ఏ ఊరి ఉత్తరాలు ఎవరు పంచాలో రెండాఫీసులూ ఏడాదికోసారి లిస్టులు రాసి ఒకరికొకరు పంపుకుంటారు. అవతలివాడు రాసింది ఇవతలివాడు నమ్మి తన లిస్టులో ఎక్కించుకుంటాడు. అంతా ఆ నమ్మకం మీదే నడిచేది.

శ్రీరంగప్పకు ముందు అక్కడ పనిచేసిన ఆదెన్న రాసిపెట్టిన లిస్టు గోడకు అంటించి ఉండేది. నూటపద్దెనిమిది ఊర్లు, నూటపద్దెనిమిది లైన్లు. డెబ్బై ఎనిమిదో సంవత్సరం వేసవిలో ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చి దాన్ని చూసి నవ్వాడు. "పిన్ కోడ్లు వచ్చి ఆరేళ్ళయింది, ఇంకా ఈ పురాణమేమిటయ్యా? కురచ చెయ్" అన్నాడు. శ్రీరంగప్పకు అదే చాలు. రెండు రోజులు కూర్చుని ఊర్లను గుంపులుగా కట్టాడు. ఒక దిక్కున ఉన్నవన్నీ ఒక లైను, ఒక సంచిలో పోయేవన్నీ ఒక లైను. నూటపద్దెనిమిది కాస్తా తొమ్మిదయ్యాయి.

ఏడో లైను మీద ఆయనకు మరీ మోజు. "వాగు అవతల దొడ్డులన్నీ: హిరేగుంటె" అని రాశాడు. వాగు అవతల పేరు చివర దొడ్డి అని ఉన్న పల్లెలు పన్నెండున్నాయి. పదకొండు కర్ణాటకవి. పన్నెండోది కరేదొడ్డి, అది మాత్రం వాగు అవతలున్నా ఆంధ్రదే. ఉన్నది ఇరవై గడప. నెలకు రెండు ఉత్తరాలు కూడా రావు.

"కరేదొడ్డికి మంగళవారం మంగళవారం నేను కదా సారూ పోయేది" అన్నాడు పోస్ట్‌మన్ రామాంజులు, కొత్త లిస్టును తలపైకెత్తి చూస్తూ.

"ఇంగ పోనక్కర్లే. హిరేగుంటెకు దగ్గర ఆ ఊరు, వాళ్ళే ఇచ్చుకుంటారు. నీకు ఆరు మైళ్ళ నడక తప్పె గదప్పా, సంతోషపడు."

"వాళ్ళకు తెలుసునా సారూ, ఇచ్చేది వాళ్ళేనని?"

"లిస్టు పంపినా గదా!" అని శ్రీరంగప్ప విసుక్కున్నాడు. ఒక్క పల్లె కోసం ఇంకో లైను రాస్తే పది లైన్లవుతాయి. తొమ్మిది అంటే వినడానికి బాగుంటుంది. నిజం చెప్పాలంటే అంతకు మించిన కారణం ఏమీ లేదు.

ఇన్‌స్పెక్టరు ఆ లిస్టును టైపు కొట్టించి, కింద శ్రీరంగప్ప పేరు వేసి, చుట్టుపక్కల ఆఫీసులన్నిటికీ పంపుతానన్నాడు. ఆ మాట శ్రీరంగప్ప ఇంట్లో చెప్పాడు, టీ అంగట్లో చెప్పాడు, అడగని వాళ్ళకు కూడా చెప్పాడు. ఆదెన్న లిస్టు పాత బీరువా అరలో అడుగున పరుపయింది.

జూన్ ఇరవై రెండున నీలం రంగు ఇన్‌లాండు ఉత్తరం ఒకటి వచ్చింది. చివరి లైను: కరేదొడ్డి, అనంతపురం జిల్లా. శ్రీరంగప్ప దాని వీపు మీద తేదీ ముద్ర కొట్టి హిరేగుంటె సంచిలో వేశాడు. మరుసటి పొద్దున అది తిరిగొచ్చింది, ఇంకో ముద్రతో. మళ్ళీ వేశాడు. మళ్ళీ వచ్చింది. మూడోసారి ఆయనకు ఒళ్ళు మండింది. ఎర్ర పెన్సిలు తీసి ఉత్తరం వెనక "కరేదొడ్డి వాగు అవతల. మీది" అని రాశాడు.

ఆదివారం పోయి సోమవారం జవాబొచ్చింది, తలకట్లు కన్నడంలా సాగదీసిన తెలుగులో: "కరేదొడ్డి ఆంధ్ర. మీది."

"లిస్టు చూసుకోండి. దొడ్డులన్నీ మీవి" అని శ్రీరంగప్ప.

"మ్యాపు చూసుకోండి" అని బసప్ప.

శ్రీరంగప్ప ఆ ఇన్‌లాండును పక్కన పెట్టి రామాంజులుకు ఇచ్చి ఉండొచ్చు. అరనిమిషం పని. కానీ ఇస్తే ఏడో లైను తప్పని తానే ఒప్పుకున్నట్టు. ఇన్‌స్పెక్టరు టైపు కొట్టిస్తున్న లిస్టు అది. బసప్ప ఏదో కడుపుమంటతో తిప్పి పంపుతున్నాడని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ మాట తనే నమ్మాడు కూడా, నమ్మితే సుఖంగా ఉంది కాబట్టి.

ఆ బుధవారం సంత. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఒకామె చంకలో మూడు నెలల బిడ్డతో కిటికీ దగ్గరికొచ్చింది.

"సారూ, కరేదొడ్డి కదిరమ్మను. నాకేమన్నా కాయితం వచ్చినాదా?"

ఆ నీలం ఇన్‌లాండు పొద్దున పదింటికే సంచిలో వెళ్ళిపోయింది. ఇప్పుడది హిరేగుంటెలో ఉంది.

"ఎవురు రాసేది?"

"మా ఇంటాయన, లింగన్న. కదిరి పక్క రాళ్ళ క్వారీలో ఉండాడు. రమ్మని పిలిస్తే, కడుపుతో ఉండా, నేను రానంటిని. మాటా మాటా పెరిగి, పోతే మళ్ళ ఈ గడప తొక్కొద్దంటిని. పోయినోడు పోయినట్లే ఉండాడు. ఆడ కాలిరిగి వచ్చిన హనుమంతప్ప చెప్పినాడు, లారీలో అందరినీ గోవాకు తోలుకపోతాండారంట, మన పక్కన్నే పోతాదంట. ఏ పొద్దు, యాడ నిలుస్తాదో మావోడు కాయితం రాసినాడంట. ఈ పిల్లను ఆయన ఇంగా చూడ్లేదు సారూ."

ఆమె చెప్పినంతసేపూ శ్రీరంగప్ప గోడ మీది తొమ్మిది లైన్ల వైపు చూశాడు. ఆ ఉత్తరం ఈమెదే అయ్యుంటుందని ఆయనకు తోచింది. తోచకపోవడమేమిటి, తెలిసింది. తెలిసినదాన్ని మింగేసి, "కరేదొడ్డి జాబులు ఇప్పుడు హిరేగుంటెకు పోతాయమ్మా. ఆడికి పోయి అడుగు" అన్నాడు.

మరునాడు ఆమె బిడ్డనెత్తుకుని హిరేగుంటెకు నడిచింది. పదిన్నరకు బసప్ప కిటికీ ముందు నిలబడింది. "మీది ఆంధ్ర కదమ్మా, గుండ్లవాగులో అడుగు" అన్నాడు బసప్ప. ఆమె వెనక్కి తిరిగి నడుస్తుంటే గుండ్లవాగు నుంచి వచ్చే బస్సు ఎదురై దుమ్ము రేపుకుంటూ పోయింది. ఆమె ఉత్తరం ఆ బస్సులోనే ఉంది.

జూలై ఐదున మళ్ళీ సంత, మళ్ళీ కదిరమ్మ.

"వాళ్ళు ఈడంటారు, మీరు ఆడంటారు. నేను యాడికని పోయేది సారూ?"

"వస్తే వాళ్ళే ఇస్తారమ్మా. నేను రాసి పంపినాలే" అన్నాడు శ్రీరంగప్ప. రాసి పంపిన మాట అబద్ధం కాదు. ఆ పొద్దున "ఇన్‌స్పెక్టరు గారు ఒప్పుకున్న లిస్టు ఇది" అని ఎర్ర పెన్సిలుతో రాసే పంపాడు. ఆమె బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఆయన, రేపు బసప్ప ఇస్తాడులే అనుకుని, ఆ రేపటి మీద భారం వేసి పడుకున్నాడు.

మరుసటి పొద్దున "ఇన్‌స్పెక్టరు మీవాడు, మావాడు కాదు" అని జవాబొచ్చింది. దానికి జవాబేం రాయాలో ఆ రోజంతా తోచలేదు శ్రీరంగప్పకు. ఒట్టి ముద్ర కొట్టి పంపాడు. శుక్రవారం తోచింది. రాశాడు.

జూలై పదకొండు, మంగళవారం. తొమ్మిది గంటల బస్సులోంచి సంచితో పాటు బసప్ప కూడా దిగాడు. భారీ మనిషి, బస్సు మెట్లు దిగేసరికే ఆయాసపడుతున్నాడు. లోపలికొచ్చి ఇన్‌లాండును బల్ల మీద పెట్టాడు.

"రాసేకి జాగా లేదు శ్రీరంగప్పా. అందుకే నేనే వచ్చినా."

నిజంగానే జాగా లేదు. ఆయనవి పదహారు ముద్రలు, ఈయనవి పదహారు, వాటి మధ్యలో ఎర్ర రాతలూ నీలి రాతలూ. శ్రీరంగప్ప ఆ వీపును మొదటిసారి పూర్తిగా చూశాడు. రోజూ ఒక ముద్ర కొట్టినప్పుడు అది ఒక్కటే కనిపించేది.

"దొడ్డులన్నీ మీవని పంపినా గదా నేను?" అన్నాడు. గొంతులో ముందున్న జోరు లేదు.

"పంపినావు. నీ లిస్టు చూసి నాకూ ఆశ పుట్టిందప్పా. నేనూ కురచ చేసుకుంటి. ఆంధ్ర ఊర్లన్నీ గుండ్లవాగుకు అని ఒకే లైను రాసినా. ఊరి పేరు చూసి నువ్వు నాకు తోస్తాండావు, జిల్లా పేరు చూసి నేను నీకు తోస్తాండా. నీ లైను పకారం నువ్వు రైటే, నా లైను పకారం నేనూ రైటే." బసప్ప ముఖం తుడుచుకున్నాడు. "రాత్రి మా ఇంటామె అడిగింది, ఆ బిడ్డనెత్తుకొని వచ్చినామెకు కాయితం ఇచ్చినావా అని. పొద్దున్నే బస్సెక్కినా."

శ్రీరంగప్ప బీరువా తెరిచి అరలో పరిచిన ఆదెన్న లిస్టు లాగాడు. అరవై మూడో లైనులో ఉంది: "కరేదొడ్డి. వాగు అవతల ఉన్నా మనదే. మంగళవారం రామాంజులు." ఆదెన్నకు ఆ చుట్టుపక్కల ఏ గడప ఎక్కడుందో తెలుసు. తెలుసు కాబట్టే అన్ని లైన్లు రాశాడు. ఆయన చేతకానితనమనుకుని తాను నవ్విన లిస్టు అది.

రామాంజులు చెయ్యి చాచాడు. "ఇట్లియ్యి సారూ, నేను పోయొస్తా."

"వద్దు. నేనే పోతా."

అన్నాడే గానీ, వాగు దిగేటప్పటికే భయం పట్టుకుంది. జూలై ఎండ, వేరుశనగ వేయడానికి దున్ని పెట్టిన చేలు వాన లేక అట్లాగే పడున్నాయి. ఆరు మైళ్ళూ ఆయన ఒక్కటే కోరుకున్నాడు: లారీ ఇంకా పోకుండా ఉంటే చాలు. ఏ ఆదివారమో, వచ్చే వారమో అని రాసి ఉంటే తానే తీసుకుపోయి ఆ తల్లీబిడ్డలను లారీ దగ్గర నిలబెడతాడు. ఉత్తరం చేతిలోనే ఉంది, అంటించిన అంచు విప్పితే తెలిసిపోతుంది. విప్పలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒకరి ఉత్తరం విప్పలేదు, ఆ ఒక్క గౌరవమైనా మిగుల్చుకుందామనుకున్నాడు.

ఇంటి ముందర వేపచెట్టు కింద కదిరమ్మ జొన్నలు చెరుగుతోంది. ఆయన చేతిలో నీలం కాగితం చూసి చేట కింద పెట్టి లేచింది. ముఖమంతా వెలిగింది. ఆ వెలుగు చూడలేక శ్రీరంగప్ప ఉత్తరం చేతికిచ్చేసి, "వస్తానమ్మా" అని తిరిగాడు.

"యాడికి పోతావు సారూ? నాకు సదువొస్తాదా? రామాంజులన్న ఎప్పుడూ కూసోని సదివి చెప్పిపోతాడు." చాప పరిచింది. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

కూర్చోక తప్పలేదు. అంచు చించి విప్పాడు. లోపల పెద్ద పెద్ద అక్షరాలతో ఏడు లైన్లున్నాయి. పైకే చదివాడు.

"కదిరమ్మకు లింగన్న రాసేది. గడప తొక్కొద్దంటివి గాబట్టి ఇంటికి రాను. ఏడో తేదీ శుక్రవారం పగలు పన్నెండు గంటలకు మా లారీ కల్యాణదుర్గం బస్టాండు కాడ అన్నం కోసరం నిలుస్తాది. బిడ్డనెత్తుకొని నువ్వు ఆడ కనపడితే దిగిపోతా, ఇంగ యాడికీ పోను. కనపడకుంటే నువ్వన్న మాట నిజమే అనుకుంటా. ఎప్పుడన్నా మనసు మారితే రాయి, గోవాలో మా మేస్త్రీ అడ్రసు వెనకాల రాసినా. పిల్లకు ఏం పేరు పెట్టినావో."

ఏడో తేదీ అని చదివాక, ఎలాగో చివరిదాకా లాక్కొచ్చాడు. కదిరమ్మ వేళ్ళు లెక్కపెట్టుకుంది.

"శుక్రవారం పోయి నాలుగు దినాలాయ" అంది. బిడ్డ తల నిమిరింది. "ఆడ చూసింటాడు. నలుదిక్కులా చూసింటాడు" అంది తనలో తాను. తర్వాత ఉన్నట్టుండి తలెత్తింది. "అడ్రసు రాసినానంటాడే! రాయి సారూ, ఇప్పుడే రాయి. నాకు కాయితం అందలేదు, అంది ఉంటే వచ్చి నిలబడుందునని రాయి. పిల్లకు నీ అమ్మ పేరే పెట్టినానని రాయి."

శ్రీరంగప్ప ఉత్తరం తిప్పాడు. పంపినవారి చిరునామా రాసే చోటు ముద్రలన్నిటి కింద నల్లగా మురికిపట్టి ఉంది. అక్కడేం రాసుందో చూడకుండానే రోజూ అక్కడే కొట్టారు ఇద్దరూ, రాతలు కూడా అక్కడే మొదలుపెట్టారు. కళ్ళద్దాలు తీసి తుడిచి, వెలుతురుకు అడ్డంగా పట్టి చూశాడు. "గోవా" అన్న రెండక్షరాలు తెలుస్తున్నాయి. వాటి ముందు ఏముందో ఆయనకే కాదు, ఎవరికీ తెలియదు.

కదిరమ్మ దగ్గరికి జరిగి చూసింది. "ఇంత రాసినాడే! ఎర్రగా గూడా రాసినాడు. లోపల అంత తక్కువ రాసి ఈ పక్క ఇంత రాసినాడా? అంతా సదువు సారూ. ఒక్కటి గూడా ఇడవొద్దు."

ఆమె కళ్ళల్లో మళ్ళీ ఆశ చూసి శ్రీరంగప్పకు ప్రాణం చచ్చిపోయింది. ఇవి ఆఫీసు గుర్తులమ్మా అంటే సరిపోయేది. ఆమెకు ఏం తెలుస్తుంది? నోటిదాకా వచ్చింది ఆ మాట. కానీ ఆ కిటికీ దగ్గర ఆమెతో చెప్పిన అబద్ధాలు అప్పటికే చాలానే ఉన్నాయి.

"ఇవి మీ ఆయన రాతలు కావమ్మా" అన్నాడు. "ఎర్రవి నావి. నీలివి హిరేగుంటె ఆయనవి."

"మీరేం రాసినారు నా కాయితం మీద?"

చదివాడు. తలొంచుకుని, మొదటినుంచి ఒక్కొక్కటీ చదివాడు. కరేదొడ్డి వాగు అవతల, మీది. కరేదొడ్డి ఆంధ్ర, మీది. లిస్టు చూసుకోండి. మ్యాపు చూసుకోండి. ఇన్‌స్పెక్టరు గారు ఒప్పుకున్న లిస్టు ఇది. రాసేటప్పుడు భలే జవాబిచ్చాననుకున్న మాటలే. ఆ చాప మీద పైకి చదువుతుంటే, వీధిలో పిల్లలు పోట్లాడుకున్నట్టు కూడా లేవు. పిల్లలైతే కాసేపటికి మానేస్తారు. చివరి ఎర్ర రాత దగ్గర ఆగిపోయాడు.

"అదేంది?" అంది కదిరమ్మ.

"'కళ్ళద్దాలు పెట్టుకొని చదవండి' అని రాసినా."

"అది ఏ పొద్దు రాసింది?"

పక్కన ముద్రలో తేదీ ఉంది. చూడనక్కర్లేదు, ఆయనకు గుర్తుంది. "శుక్రవారం" అన్నాడు. "పొద్దున తొమ్మిదిన్నరకు." గుండ్లవాగు నుంచి కల్యాణదుర్గానికి పదకొండింటికి బస్సుంది. రామాంజులును సైకిలు మీద తోలి ఉంటే, ఆ పొద్దున కూడా ఉత్తరం చదివి చెప్పి, ఆమెను వెనక ఎక్కించుకొచ్చి ఆ బస్సు అందించేవాడేమో. ఈ లెక్క ఆయన మనసులో వేసుకున్నాడు, పైకి చెప్పే ధైర్యం లేకపోయింది.

"గోవాలో విచారిస్తానమ్మా. ఆ లిస్టు చింపేస్తా. ఇన్‌స్పెక్టరుకు నేనే రాస్తా, తప్పు నాదేనని" అన్నాడు. అంటుంటేనే అవన్నీ ఎంత పనికిమాలిన మాటలో తెలిసింది.

కదిరమ్మ ఆయన చేతిలోంచి ఉత్తరం తీసుకుంది. ముందువైపు చూసింది, వెనకవైపు చూసింది, మళ్ళీ ముందుకు తిప్పింది. చదువు రాని మనిషి, లైన్లు మాత్రం వేలితో లెక్కపెట్టింది.

"మావోడు రాసింది ఏడు గీతలు సారూ" అంది. "మీరు రాసిందే జాస్తి ఉండాది."